ముసుగు తీస్తే మనిషే: స్క్రీమ్ 6 చూశాక చిల్లంగి గురించి నాలుగు మాటలు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను చెప్పేది ముందే చెప్పేస్తాను. మన ఏజెన్సీ పిల్లలం చేతబడి సినిమాలు వంద చూసే బదులు, స్క్రీమ్ లాంటిది ఒకటి చూస్తే బుర్రకు మంచిదని నా అభిప్రాయం. ఎందుకో వినండి. కథ కూడా చెప్పేస్తున్నా, చూడనివాళ్ళు ఏమీ అనుకోకండి.

స్క్రీమ్ మొదటి భాగం 1996లో వచ్చింది. రాసింది కెవిన్ విలియమ్సన్, తీసింది వెస్ క్రేవెన్. ఆరో భాగం 2023 మార్చిలో వచ్చింది. నేను మొన్న శివరాత్రి సెలవులకు హాస్టల్ నుంచి పట్టిసీమలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, తీర్థం చూసొచ్చి రాత్రి అన్నయ్యలతో కలిసి ఫోన్లో చూశాను. ఈ సినిమాల్లో పాత్రలకు దయ్యాల సినిమాల సంగతి అంతా తెలుసు. ఆరో భాగంలో మిండీ అనే అమ్మాయి ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి రూల్స్ చెబుతుంది: భాగం పెరిగేకొద్దీ అన్నీ పెద్దవవుతాయి, పోయినసారి జరిగినదానికి రివర్సులో జరుగుతుంది, ఈసారి ఎవరైనా చావొచ్చు, మనలోనే ఎవడో హంతకుడు. అలా చెబుతూనే ఒక్కొక్కరినీ అనుమానిస్తుంది.

సగంలో మా పెద్దన్నయ్య, "ఇందులో దయ్యం లేదేంటే? మరెందుకు చూడ్డం?" అన్నాడు. నాకు నచ్చింది అదే. తెల్ల ముసుగు, నల్ల అంగీ వేసుకుని వచ్చేవాణ్ణి ఘోస్ట్‌ఫేస్ అంటారు. పేరులోనే దయ్యం ఉంది గానీ లోపల ఎప్పుడూ మనిషే. మొదటి ఐదు సినిమాల్లో ఆ ముసుగు వేసినవాళ్ళు మొత్తం 9 మంది. ఒకడికి అమ్మ ఇల్లొదిలి పోయిందన్న కోపం. ఒకామెకు చచ్చిపోయిన కొడుకు కోసం పగ. ఇంకో అమ్మాయికి పేరు రావాలన్న పిచ్చి. అందరికీ ఏదో ఒక కారణం ఉంది. అసలు ఆ ముసుగు కూడా సినిమా కోసం చేసింది కాదు, అంతకుముందే అమెరికాలో పండక్కి వేసుకోవడానికి అమ్మేవాళ్ళు. మన తీర్థంలో ప్లాస్టిక్ పులి మొహం కొన్నట్టు ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఆరో భాగంలో నన్ను పట్టుకున్నది సామ్ అనే అమ్మాయి కథ. అంతకుముందు జరిగిన హత్యలన్నీ ఆమే చేసిందని నెట్‌లో పుకారు. మొదటి సినిమాలో హంతకుడి కూతురు కాబట్టి "రక్తంలోనే ఉంది" అంటారు. రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని అమ్మాయి వచ్చి ఆమె మీద కూల్‌డ్రింక్ కొట్టి పోతుంది. చివరికి తేలేదేంటంటే, ఆ పుకారు పుట్టించింది అసలు హంతకులే. ఒక పోలీసు అధికారి, అతని కొడుకు, కూతురు. ఐదో భాగంలో చచ్చిన తమ కుర్రాడి కోసం పగ తీర్చుకోవడానికి వచ్చారు. ముందు పేరు చెడగొట్టారు, తర్వాత కత్తి తీశారు.

ఇది చూస్తుంటే నాకు మునిగిపోయిన మా పాత ఊరే గుర్తొచ్చింది. మేం కొండరెడ్లం. ఒక ఇంట్లో ఏడాది తేడాలో ఇద్దరు పిల్లలు జొరాలొచ్చి పోయారు. పక్కింటి అవ్వ, మొగుడు పోయినామె, చిల్లంగి పెట్టిందన్నారు. "వాళ్ళమ్మ కూడా అంతే" అన్నారు. ఆ రెండిళ్ళ మధ్య జీడిమామిడి తోట గట్టు తగాదా చాన్నాళ్ళుగా ఉందని ఊరందరికీ తెలుసు. అయినా ఈ మాట మొదట ఎవరన్నారని ఒక్కరూ అడగలేదు. ఆమె భయపడి తమ్ముడి ఊరెళ్ళిపోయింది. తోట ఎవరు దున్నుకున్నారో మీరే ఊహించుకోండి. ఇప్పుడు పునరావాస కాలనీలో చివరి ఇంట్లో ఉంటుంది. ఊరు మునిగింది గానీ ఆ మాట మునగలేదు. ఇప్పటికీ ఆమె చేతి మంచినీళ్ళు చాలామంది తాగరు.

మన సినిమాలు ఏం నేర్పుతున్నాయి? 2023లోనే వచ్చిన విరూపాక్ష చూడండి. చేతబడి చేస్తున్నారని ఊరివాళ్ళు ఒక జంటను చెట్టుకు కట్టి తగలబెడతారు. అయ్యో అనిపిస్తుంది. కానీ కథ చివరికొచ్చేసరికి చేతబడి నిజంగానే పనిచేసిందని చూపిస్తారు. బాగా తీశారు, నేనూ భయపడ్డాను. టౌన్లో చూసినవాడు హాలు బయటికొచ్చి టీ తాగి మర్చిపోతాడు. మనం తిరిగి వెళ్ళేది అలాంటి అవ్వ ఉన్న వీధికే.

కొందరు అన్నలు "మన ఆచారాలను కించపరుస్తున్నావా?" అనొచ్చు. లేదన్నా. మన భూదేవి పండగ, కొత్తలు పెట్టడం, పెద్దోళ్ళకు తెలిసిన ఆకు మందులు మన సొత్తు. సాటి ఆడమనిషిని ఊళ్ళోంచి తరమడం ఏ పండగలోనూ లేదు. స్క్రీమ్‌లో కూడా లోపాలున్నాయి. రక్తం మరీ ఎక్కువ, పిల్లలకు చూపించకండి. పది పోట్లు పడినవాడు కూడా లేచి మాట్లాడతాడు. ఆ సినిమాలో నేను తీసుకున్నది ఒక్క అలవాటే: ఎవరు, ఎందుకు, ఎవరికి లాభం అని అడగడం.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి: జబ్బేంటి? మన దగ్గర మలేరియా ఉంది. సికిల్ సెల్ ఉంది, అది అమ్మ నుంచీ నాన్న నుంచీ రక్తంలో వచ్చే జబ్బు, అందుకే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు రావొచ్చు. దాని కోసం కేంద్రం 2023లో మిషన్ కూడా పెట్టింది. ఒక రక్త పరీక్షతో తేలేదాన్ని మనం పక్కింటి అవ్వ నెత్తిన వేస్తున్నాం. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో, ఒడిశాలో 2013లో ఇలాంటి వేధింపుల మీద ప్రత్యేక చట్టాలొచ్చాయి. మన రాష్ట్రంలోనూ కావాలని మన సంఘాలు గట్టిగా అడగాలి.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. వానలు పడగానే జొరాలు మొదలవుతాయి, జొరాలతో పాటు మాటలూ మొదలవుతాయి. మీ ఊళ్ళో ఎవరైనా చిల్లంగి అంటే, "నీకెవరు చెప్పారు? వాళ్ళకెవరు చెప్పారు?" అని చివరిదాకా అడగండి. జబ్బు మనిషిని పీహెచ్‌సీకి తీసుకెళ్ళి రక్త పరీక్ష చేయించండి. జనం పోగయ్యేలోపే 112కి ఫోన్ చేయండి. అన్నిటికంటే ముందు, ఆ అవ్వ ఇంటికెళ్ళి అందరూ చూస్తుండగా ఒక గ్లాసు మంచినీళ్ళు అడిగి తాగండి.

జై ఆదివాసీ.