సాగనంపే చోటు

కొడుకో కూతురో అమెరికాకు బయల్దేరిన రాత్రి గోల్నాకలోనైనా తార్నాకలోనైనా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అమ్మానాన్నలు ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్ తెరిచి, పటం మీద మెల్లగా పాకే పసుపుపచ్చ బొమ్మనే చూస్తుంటారు. సముద్రం దాటిందా? దోహాలో దిగిందా? విమానం తానెక్కడుందో, ఎంత ఎత్తున ఉందో 1090 మెగాహెర్ట్జ్ మీద తానే చెప్పుకుంటూ పోతుంది. కింద రిసీవర్లు దాన్ని అందుకుంటాయి. నడి సముద్రంలో సంకేతం అందనప్పుడు బొమ్మ మాయమైతే కంగారు పడనక్కర్లేదు. ఈ మాట ఆ తల్లులకు ఎవరైనా ముందే చెబితే బాగుండు.

విమానాలు చూడటాన్నే ఇష్టంగా పెంచుకున్నవాళ్లు స్పాటర్లు. ఏ విమానమో వాళ్లు గుర్తుల్ని బట్టే చెప్పేస్తారు. బోయింగ్ 777కి రెక్కల కింద ఒక్కోపక్క ఆరు చక్రాలుంటాయి. 787 ఇంజిన్ వెనక అంచు రంపపు పళ్లలా ఉంటుంది. ఎయిర్‌బస్ ఏ350కి కాక్‌పిట్ అద్దాల చుట్టూ నల్లపట్టీ. ఒంటిమీది అక్షరాల్లో వీటీ అంటే మనది, జీ అంటే బ్రిటన్‌ది. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు 777-300ఈఆర్ ఇంజిన్‌ను దగ్గర నుంచి చూడాలి. దాని ఫ్యాన్ అడ్డకొలత మూడు మీటర్లకు పైనే!

2008 మార్చి దాకా మన విమానాశ్రయం బేగంపేట. విమానం గాలికి ఎదురుగా దిగాలి. అందుకే పడమటి గాలి వీచే వానాకాలంలో అవి తూర్పు నుంచి, మల్కాజిగిరి వైపు ఇళ్ల మీదుగా వచ్చేవి. తార్నాకలో డాబా ఎక్కితే చాలు, పిల్లలకు కనపడేవి. శంషాబాద్‌కు మారాక ఆ ఇళ్లకు మోత తప్పింది, మంచిదే. చూసే వీలు మాత్రం పోయింది. ప్రపంచంలోకెల్లా పెద్ద విమానం, ఆంటొనోవ్ ఏఎన్-225, 2016 మేలో ఆస్ట్రేలియా వెళుతూ శంషాబాద్‌లో దిగింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో అది నాశనమైంది. ఆనాడు చూడలేకపోయిన పిల్లలకు మరో అవకాశం లేదు.

జనాన్ని విమానాలు చూడనిస్తే భద్రత ఏమవుతుందన్న భయం అర్థం లేనిది కాదు. 1937 నాటి విమాన నిబంధనల్లోనే ఫొటోల మీద ఆంక్షలున్నాయి. 2010లో ఢిల్లీలో ఇద్దరు బ్రిటిష్ స్పాటర్లను అరెస్టు కూడా చేశారు. అయితే టోక్యో హనేడాలో టెర్మినళ్ల పైనే జనం నిలబడి చూసే మిద్దెలున్నాయి. మ్యూనిక్‌లో ఒక గుట్ట, మాంచెస్టర్‌లో రన్‌వే పక్కనే పార్కు ఉన్నాయి. కంచె సందుల్లోంచి, రోడ్డు వారల నుంచి దొంగచాటుగా చూసేకంటే, అందరి కళ్లెదుటా ఒకచోట చూడటమే భద్రతకూ మేలు.

మన దగ్గర టికెట్ లేనివాళ్లు టెర్మినల్ తలుపు దగ్గరే ఆగిపోవాలి. పిల్లవాడు లోపలికి వెళ్లాక వాడెక్కిన విమానం లేవడం చూసే చోటు ఆ తల్లిదండ్రులకు లేదు. శంషాబాద్ విమానాశ్రయానికి దాదాపు 5,500 ఎకరాల నేల ఉంది. అందులో నీడ, నాలుగు బెంచీలు, మంచినీళ్లు ఉన్న ఒక మిద్దెకు చోటు చూడమని విమానాశ్రయ యాజమాన్యాన్నీ, పౌర విమానయాన శాఖనూ కోరుతున్నాం.