బస్తీ ప్లానులోనే ఉంది

నగరం మీద తెలుగులో వచ్చే వ్యాసాలకీ కవితలకీ ఒక రెడీమేడ్ కథ ఉంది. పల్లె ఎండిపోతుంది. జనం మూటాముల్లె సర్దుకుని బస్సెక్కుతారు. అంతమందిని మొయ్యలేక నగరం ఉబ్బిపోతుంది. ఉబ్బిన చోట మురికివాడ లేస్తుంది. కవి కన్నీళ్ళు పెట్టుకుంటాడు, ప్లానర్ తల పట్టుకుంటాడు, వలసలు ఆగితే తప్ప నగరాలు బాగుపడవని ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. ఈ కథలో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. అన్నీ వానల్లా, వరదల్లా వాటంతటవే జరుగుతాయి.

ఈ కథ మీద నాకు కోపం. నేను పెరిగిన ఊరికి ఇది ఏ వైపు నుంచీ అతకదు.

నేను జ్యోతినగర్ గోడకి బయట పెరిగాను. తెలియనివాళ్ళకి: జ్యోతినగర్ అంటే రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద వస్తే గోదావరిఖని కంటే ముందే తగులుతుంది. ఇక్కడి విద్యుత్ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగింది. 1983లో మొదటి యూనిట్ మొదలైంది, 2004 కల్లా మొత్తం 2,600 మెగావాట్లయింది. ఈమధ్యే పక్కన 800 మెగావాట్ల యూనిట్లు ఇంకో రెండు వచ్చాయి. కాస్త ముందుకి పోతే గోదావరిఖని. పేరులోనే గని ఉన్న ఊరు, 1960ల్లో సింగరేణి బాయిలతో పుట్టింది. ఈ రెంటికీ తోడు ఒక ఎరువుల ఫ్యాక్టరీ. 1999లో మూతపడి, ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో 2021లో మళ్ళీ యూరియా తియ్యడం మొదలుపెట్టింది. ఇదంతా ఒకటే కార్పొరేషన్.

ఇలాంటి ఊరికి ప్లాను లేదని ఎవరనగలరు? ఏ బాయి నుంచి ఎంత బొగ్గు రావాలో, అది ఏ పట్టాల మీద రావాలో, గోదావరి నుంచి ఎన్ని నీళ్ళు తోడుకోవాలో అన్నీ ముందే లెక్కేసి కట్టిన ఊరు ఇది. టౌన్‌షిప్‌లో బడి, ఆసుపత్రి, పార్కు, క్లబ్బు ఎక్కడుండాలో కాగితం మీద గీసి కట్టారు. ఉద్యోగి గ్రేడుని బట్టి క్వార్టర్ టైపు. ఎవరింటికి ఎన్ని గదులుండాలో కూడా ఆ కాగితానికి తెలుసు.

ఆ కాగితానికి తెలియని మనిషి ఒకడున్నాడు. కాంట్రాక్టర్ కింద పనికొచ్చేవాడు. ప్లాంటు కట్టింది అతను, షట్‌డౌన్ వచ్చినప్పుడు రాత్రీ పగలూ లోపలే ఉండేది అతను, క్వార్టర్ల ముందు చెత్త ఎత్తేది వాళ్ళావిడ. పొద్దున గేటు తెరిచేసరికి వీళ్ళు వరసలో ఉండాలని ప్లానుకి తెలుసు. రాత్రికి ఎక్కడ పడుకుంటారో మాత్రం తెలియదు. కాబట్టి గోడకి ఇవతల ఎవరికి వాళ్ళే చూసుకున్నారు: రేకుల షెడ్లు, కిరాయి గదులు, కొన్నాళ్ళకి బస్తీలు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, మా భాషలో చెప్తాను. స్పెసిఫికేషన్‌లో ఏం రాసి ఉందో అదే బయటికొచ్చినప్పుడు దాన్ని బగ్ అనడానికి వీల్లేదు. ఇక్కడి బస్తీ ప్లాను విఫలమై పుట్టింది కాదు. ప్లాను అనుకున్నట్టే నడిస్తే మిగిలింది.

"అయినా జనం విపరీతంగా పెరిగిపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?" అంటారా. జనాభా లెక్కలు చూడండి. 2011లో రామగుండం జనాభా 2,29,644. 2001 లెక్క కంటే కొన్ని వేలు తక్కువ. దేశంలో నగరాలన్నీ ఉబ్బిపోతున్నాయని మనం బెంగపడ్డ ఆ పదేళ్ళలోనే ఈ ఊరు కుంచించుకుపోయింది. మరి బస్తీలు కూడా కుంచించుకుపోవాలి కదా? పోలేదు. అంటే పేదరికాన్ని పుట్టించేది జనం సంఖ్య కాదు, ఇంకేదో ఉంది.

అదేంటో చూడాలంటే ఇంకో రెండు అంకెలు పక్కపక్కన పెట్టాలి. 1990-91లో సింగరేణిలో లక్షా పదహారు వేల మందికి పైగా కార్మికులుండేవాళ్ళు. అప్పుడు ఏడాదికి తీసిన బొగ్గు రెండు కోట్ల టన్నుల లోపే. 2023-24లో తీసింది ఏడు కోట్ల టన్నులు, కంపెనీ రోల్స్ మీద ఉన్న మనుషులు మాత్రం అటూఇటుగా నలభై వేలు. బొగ్గు మూడు రెట్లకు పైగా పెరిగింది, మనుషులు మూడో వంతుకి పడిపోయారు. యంత్రాలొచ్చాయి, భూగర్భ గనుల చోట ఓపెన్‌కాస్ట్‌లొచ్చాయి, నిజమే. కానీ ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు మీది మట్టిని ఎత్తిపోసే పని ఎక్కువగా ప్రైవేటు కాంట్రాక్టర్లది. ఆ టిప్పర్ నడిపే డ్రైవరు కార్మికుడే, అతను తవ్విపోసేది సింగరేణి మట్టే. రిజిస్టర్లో మాత్రం అతను సింగరేణి మనిషి కాదు. లక్షా పదహారు వేలకీ నలభై వేలకీ మధ్య యంత్రాలు మింగేసింది కొంత. మిగతా పని ఊళ్ళోనే ఉంది, పేరు మార్చుకుని, జీతం తగ్గించుకుని.

2022 సెప్టెంబర్‌లో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. వాళ్ళడిగిన వాటిలో ముఖ్యమైనది కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకి ఒప్పుకున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకీ ఇమ్మని. పర్మినెంట్ వాళ్ళతో సమానంగా కూడా అడగలేదు, వేరే కంపెనీ కాంట్రాక్టు వాళ్ళతో సమానంగా అడిగారు. ఆశ ఎంత చిన్నదైపోయిందో చూడండి.

దీని వెనక చట్టం కూడా ఉంది. ఏడాది పొడవునా నడిచే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసే అధికారాన్ని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం ప్రభుత్వానికిచ్చింది. అలా రద్దయితే ఆ కార్మికులు అసలు యజమాని ఉద్యోగులైపోతారని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి ఆ తీర్పుని కొట్టేసింది, వాళ్ళంతట వాళ్ళు ఉద్యోగులైపోరని తేల్చింది. మురికివాడల మీద సెమినార్లు పెట్టేవాళ్ళు ఆ తీర్పుని ఎందుకు తల్చుకోరో నాకర్థం కాదు. డ్రైనేజీ కాలవ ఎంత వెడల్పుండాలనే దానికంటే బస్తీ భవిష్యత్తుని ఎక్కువగా నిర్ణయించింది అదే.

మా నాన్న వెల్డర్. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది ఇక్కడ అనవసరం. ఆయన గేటు పాసు మీద కాంట్రాక్టర్ పేరు చాలాసార్లు మారింది. షెడ్డు మారలేదు, మిషన్ మారలేదు. పేరు మారిన ప్రతిసారీ ఆయన సర్వీసు మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలయ్యేది. ఇరవై ఏళ్ళ పైన పనిచేసిన మనిషి ఎప్పుడూ కొత్తవాడే. కొత్తవాడికి బ్యాంకు ఇంటి లోను ఇవ్వదు. లోను లేనివాడు పట్టా లేని జాగాలో రెండు గదులేసుకుంటాడు. అప్పుడు మనం కారులో ఆ పక్కగా పోతూ, అద్దం దించి, "ఛ, ఎంత ప్లాన్ లేకుండా కట్టేశారో" అంటాం.

ఇదేదో మన దగ్గరి వింత కూడా కాదు. బ్రెజిల్ 1960లో బ్రసీలియా అనే కొత్త రాజధానిని ప్రారంభించింది. ప్రపంచమంతా మెచ్చుకున్న ప్లాను. కట్టడానికొచ్చిన కూలీలకి మాత్రం అందులో చోటు లేదు. పని కాగానే వాళ్ళ క్యాంపుని పీకేసి పంపించెయ్యాలనుకున్నారు. వాళ్ళు వెళ్ళలేదు, కొట్లాడారు. రాజధాని ప్రారంభమవ్వక ముందే, 1958లోనే, వాళ్ళ కోసం తాగ్వాటింగా అనే ఉపనగరం పెట్టాల్సొచ్చింది. జేమ్స్ హోల్‌స్టన్ అనే మానవ శాస్త్రవేత్త 1989లో రాసిన 'ది మోడర్నిస్ట్ సిటీ'లో ఇదంతా వివరంగా ఉంది. జ్యోతినగర్ గోడ పక్కన పెరిగినవాడికి ఆ పుస్తకం పరాయి దేశం గురించి చదువుతున్నట్టుండదు.

మనవాళ్ళు ఎక్కువగా చెప్పే పుస్తకం మైక్ డేవిస్ 'ప్లానెట్ ఆఫ్ స్లమ్స్'. 2006లో వచ్చింది. పరిశ్రమలు లేకుండానే పేద దేశాల నగరాలు పెరిగిపోతున్నాయని ఆయన వాదన. చాలా నగరాలకి నిజమే. కానీ రామగుండంలో పరిశ్రమ ఉంది, అదీ ప్రభుత్వానిది. పరిశ్రమ వస్తే పేదరికం పోతుందని ఈ పుస్తకం చదివి ఎవరైనా ధైర్యం తెచ్చుకుంటే, వాళ్ళని ఒకసారి షిఫ్టు మారే టైముకి గేటు దగ్గర నిలబెట్టాలి. ఒకే గేటు, రెండు వరసలు.

ఇక మన సాహిత్యం సంగతి. అల్లం రాజయ్య, పి. చంద్ లాంటి వాళ్ళు బొగ్గుబాయి కార్మికుణ్ణి తెలుగు కథలోకి తెచ్చారు, ఆ రుణం తీరేది కాదు. కానీ వాళ్ళ తర్వాత మనమేం చేశాం? "సింగరేణి సాహిత్యం" అని అర కట్టి పెట్టేశాం. ఆ అరలో దీపం టోపీ పెట్టుకున్న భూగర్భ కార్మికుడు, సమ్మె, ఎర్రజెండా ఉంటాయి. ఓబీ టిప్పర్ డ్రైవరు, ఆసుపత్రి వార్డులో కాంట్రాక్టు ఆయా, కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఐడీ కార్డు మార్చుకునే సెక్యూరిటీ గార్డు ఉండరు. మనకి నగరమంటే హైదరాబాద్, మిగిలిందంతా పల్లె. మధ్యలో ఉన్న రామగుండం, మందమర్రి, కొత్తగూడెం లాంటి ఊళ్ళు కథకి ఎక్కువ పట్టణం, కవితకి తక్కువ పల్లె.

ఆ హైదరాబాద్ మాత్రం దేని మీద బతుకుతోంది? అక్కడ వెలిగే కరెంటులో మా ఊరి బొగ్గు ఉంది. రామగుండం పక్కనే ఉన్న ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా పైపులేసి నగరానికి గోదావరి నీళ్ళు తీసుకెళ్తున్నారు. మా వాడలో నల్లా ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టిన మా అమ్మకి ఇది చెప్తే, "మంచిదే బిడ్డా, మరి మనకెన్ని కిలోమీటర్లు?" అంది. ఇప్పుడు నేను పనిచేసే ఐటీ క్యాంపస్‌లోనూ ఐడీ కార్డుల ట్యాగులు రెండు రంగుల్లో ఉంటాయి. గోడ అక్కడితో ఆగలేదు, గచ్చిబౌలి దాకా వచ్చింది.

"కంపెనీ ఊళ్ళో అందరికీ ఇళ్ళు కట్టాలా?" అని అడుగుతారు. అందరికీ వద్దు. రోజూ తన గేటులోంచి ఎంతమంది లోపలికొస్తున్నారో లెక్కపెట్టి, ఆ లెక్కకి ఇల్లు, నీళ్ళు, బడి, ఆసుపత్రి ప్లాన్ చెయ్యమంటున్నాను. కాంట్రాక్టర్ మారినా మనిషి సర్వీసు మారకూడదంటున్నాను. కుట్టుమిషన్లూ స్కూలు బ్యాగులూ సీఎస్ఆర్ కింద పంచిపెట్టి ఫొటో దిగడం దీనికి బదులు కాదు. అది దానం, నేనడిగేది హాజరుపట్టీ.

నగరం మీద రేపు కవిత రాయబోయే మిత్రులకి ఒక్క మాట. వలస గురించి రాయండి, తప్పకుండా రాయండి. కానీ ఆ బస్తీని ఏ టెండరు కట్టిందో కూడా ఒకసారి అడిగి కనుక్కోండి. వరదకైతే ఏడవడం తప్ప ఏం చెయ్యలేం. టెండరు కింద ఎవరిదో ఒకరి సంతకం ఉంటుంది.