వర్సిటీ తలుపు తెరుచుకునేది బడిలోనే

పాలకొల్లు ముస్లిం విద్యార్థులు చరిత్రనో, ఆర్థికశాస్త్రాన్నో ఉర్దూతో కలిపి డిగ్రీ చదవాలనుకుంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి 1998లో పార్లమెంటు చట్టంతో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం. రెండవది 2016లో రాష్ట్రం కర్నూలులో స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం.

దూరం, వసతి, ప్రతిష్ఠ తూచేముందు తల్లిదండ్రులు ఒక్కటి చూడాలి: బిడ్డ ఉర్దూ చదివిందా? హైదరాబాదులో ప్రవేశానికి పదవ తరగతిలోనో, ఇంటర్‌లోనో ఉర్దూ చదివి ఉండాలి, లేదా గుర్తింపు పొందిన మదరసా కోర్సు పూర్తిచేసి ఉండాలి. బడిలో ఉర్దూ అందని బిడ్డకు ఎంపిక అక్కడే ముగుస్తోంది.

ఉర్దూను 2022లో రెండవ అధికార భాషగా ప్రకటించిన రాష్ట్రం గోదావరి జిల్లాల బడులకు ఉర్దూ ఉపాధ్యాయులను పంపాలి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం నిర్దేశిస్తోంది. ఆ అధికరణాన్ని ఉటంకిస్తూ మండల విద్యాధికారికి వినతిపత్రాలు ఇవ్వాలని పాలకొల్లు కుటుంబాలను కోరుతున్నాం.