దొర గోడకు పులితోలు, డక్కలి కిన్నెరకు జైలు భయం

అలుగును చంపొద్దు. ఈ మాట ముందే చెప్తున్నం. లేకుంటే పర్యావరణ మేధావులు మనకు అడవి మీద ప్రేమ లేదంటరు. లోకంలో దొంగరవాణాకు ఎక్కువగా బలైతున్న జంతువుల్లో అలుగు ఒకటి. 2017 నుంచి దేశాల మధ్య దాని వ్యాపారం బంద్ పెట్టిండ్రు. మంచిదే.

మరి నల్లగొండ, పాలమూరు మాదిగవాడలు తిరిగి మనకు జాంబపురాణం చెప్పిన డక్కలోళ్ళ కిన్నెర సంగతేంది? వెదురు దండె, సొరకాయ బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు. పాత కిన్నెరలకు ఆ మెట్లు అలుగు పొలుసులతో చేసేటోళ్ళు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో అలుగు మొదటి షెడ్యూలు జంతువు. సర్టిఫికెట్ లేకుండ పొలుసు దగ్గరుంచుకున్నా నేరమే. శిక్ష మూడేండ్లకు తగ్గదు, ఏడేండ్ల దాకా పోతది. 2022 సవరణతో జరిమానా కనీసం 25,000 రూపాయలు చేసిండ్రు. తాత కిన్నెర మనుమనికొస్తే 90 రోజుల్లో అటవీశాఖ పెద్ద అధికారికి రాసివ్వాలె. 2003లో పాత వస్తువులు చెప్పుకోమని 180 రోజుల గడువిచ్చిండ్రు. ఊరవతలి గుడిసెల కాడ ఆ చాటింపు ఎవరేసిండ్రు?

అదే చట్టం, సర్టిఫికెట్ తీసుకున్న దొరల ఇండ్లల్ల పులితోళ్ళను ముట్టదు. రాలిన నెమలి ఈకకు మినహాయింపుంది. గుడి ఏనుగు చేతులు మారడానికి 2022లో 'మతపరమైన అవసరం' అని దారి తెరిచిండ్రు. దేవుని ఏనుగుకు దొరికిన దారి జాంబవంతుని కథకు దొరకదా?

2022లోనే కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024లో ఆయన కూలిపనికి పోతున్న ఫోటోలు పేపర్లకెక్కినై. సర్కారుకు వాయిద్యం కావాలె, వాయించేటోడు అక్కరలేదు.

మన సంగతి కూడా చెప్పుకోవాలె. డక్కలోడు వస్తే వాడ బయటే నిలబెట్టి కథ విన్న మాదిగలం మనం. మనూ మనకు చేసింది మనం వాళ్ళకు చేసినం. మర్రిగూడలనైనా ఈసారి డక్కలి వస్తే ఇంట్ల కూసోబెట్టి, పాత కిన్నెర ఉంటే దాని కాయితం సంగతి అడగండి. కొత్త పొలుసు ఎవడమ్మజూపినా కొనొద్దని చెప్పండి. చచ్చిన పశువుల ఎముకలతో, కొమ్ములతో పనిచేసుడు మనకు రానిది కాదు, మెట్లు వాటితో చేసుకోవచ్చు.

అటవీశాఖ, సాంస్కృతిక శాఖ కలిసి డక్కలి గుడిసెల కాడికే రావాలె. పాత కిన్నెరలను కేసు లేకుండ రాసుకోవాలె, వాయించుకునే హక్కుతో సర్టిఫికెట్ అక్కడే చేతికియ్యాలె. మ్యూజియంకు పట్టుకపోతమంటే ఒప్పుకునేది లేదు.