అమ్మినవారు లేని కారు

కొత్త కారుకు నంబరు వేయించాలంటే ఆర్టీవో ఆఫీసులో అడిగే కాయితాల్లో ఫారం 21 ఒకటి. బండిని ఫలానా వారికి అమ్మామని డీలరు రాసిచ్చే సర్టిఫికెట్ అది. దానికి తోడు ఫారం 22, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి అన్ని విధాలా పనికొస్తుందని తయారీదారు ఇచ్చే హామీ. మరి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఫ్రేము తనే వెల్డింగ్ చేసుకుని, పాత ఇంజను బిగించి కారు కట్టుకున్న మనిషి ఈ రెండూ ఎక్కణ్ణుంచి తేవాలి? చేసిందీ తనే, వాడుకునేదీ తనే. మధ్యలో అమ్మినవాళ్లు లేరు.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఒక కమ్మరి 2021లో ఇలాగే దేశమంతటికీ తెలిశాడు. తుక్కు సామాను పోగేసి, అరవై వేల దాకా ఖర్చుపెట్టి, మోటారు సైకిల్లా కిక్ కొట్టి స్టార్ట్ చేసే బుల్లి నాలుగు చక్రాల బండి చేశాడు. కొడుకు ముచ్చట తీర్చడానికట. వీడియో చూసిన ఆనంద్ మహీంద్రా మెచ్చుకుంటూనే, ఇది నిబంధనలకు విరుద్ధం గనక అధికారులు ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారని, బండి తనకిస్తే బదులుగా బొలెరో ఇస్తానని అన్నారు. అన్నట్టే 2022 జనవరిలో ఇచ్చారు. జనం చప్పట్లు కొట్టారు, కథ కంచికి వెళ్లింది. ఆ బండి బ్రేకులు ఎలా పడుతున్నాయి, స్టీరింగ్ ఎంత ఆడుతోంది అని చూసి చెప్పే దారి మాత్రం మన చట్టంలో లేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని చూడకుండానే కాదనాలి.

కారణం కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వది. ఏ మోడలైనా ముందు దాని నమూనాను పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్షించాలి. 2017 అక్టోబరు నుంచి కొత్త మోడల్ కార్లను ఎదురుగా, పక్కనుంచి గుద్దించి చూడడం కూడా తప్పనిసరైంది. లక్షల్లో అమ్ముకునే కంపెనీకి నాలుగు కార్లు నుజ్జయితే లెక్కలోకి రాదు. ఉన్నదే ఒక్క కారు అయితే, పరీక్ష పాసయ్యాక ఇంటికి తోలుకెళ్లడానికి ఏం మిగులుతుంది?

ఈ చిక్కు బ్రిటన్‌కూ వచ్చింది. అక్కడ విడిభాగాలు కొని ఇంట్లో కారు బిగించుకోవడం పాత సరదా. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను చాలామంది అలా కిట్‌గానే కొన్నారు, ఎందుకంటే విడిభాగాలకు కొనుగోలు పన్ను ఉండేది కాదు. బిగించే విధానం రాసిస్తే పన్ను పడుతుందని, లోటస్ వాళ్లు కారును విప్పే విధానం రాసిచ్చారనీ, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకున్నారనీ చెప్పుకుంటారు. పన్నుల శాఖను ఏడిపించడంలో మనవాళ్లే ఘనులనుకుంటాం గానీ.

అక్కడి ప్రభుత్వం ఆ సరదాను నిషేధించలేదు. 1998లో ఒక్కో బండికి విడిగా ఆమోదమిచ్చే పరీక్ష పెట్టి, 2009లో దాన్ని ఐవీఏ పేరుతో ఇంకా కట్టుదిట్టం చేసింది. కారును గోడకేసి కొట్టరు. ఇన్‌స్పెక్టరే గంటల తరబడి దాని చుట్టూ తిరుగుతాడు. బ్రేకులు, పొగ, శబ్దం, సీటు బెల్టు బిగించిన చోట్లు, అద్దాలు, స్పీడోమీటరు అన్నీ చూస్తాడు. కారు బయట 100 మిల్లీమీటర్ల గోళం తాకగలిగే అంచుల మొన తేలకూడదు. మామూలుగా వాటి గుండ్రదనం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి తగ్గకూడదు. తగిలిన పాదచారి ఒళ్లు చీరుకుపోకూడదని ఈ నియమం. అందుకే పరీక్షకు ముందు రోజుల్లో షెడ్లలో బోల్టు తలలకు ప్లాస్టిక్ టోపీలు తొడుగుతూ, అంచులకు రబ్బరు పట్టీలు అతికిస్తూ కనిపిస్తారు. తప్పితే సరిచేసుకుని మళ్లీ రావాలి. పాత భాగాలు కలిసి బండి వయసు తేలకపోతే నంబరు ‘క్యూ’ అక్షరంతో మొదలవుతుంది. ఆ ప్లేటు చూస్తే కొనేవాడికీ పోలీసుకూ సంగతి తెలిసిపోతుంది.

మనకు ఇది చేతకాదనడానికి లేదు. లారీ కంపెనీ ఒట్టి ఛాసిస్ అమ్ముతుంది, క్యాబిన్, బాడీ విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కడతారు. అలాంటి బండి కోసమే ఫారం 22ఏ ఉంది, అందులో బాడీ కట్టినవారూ సంతకం పెడతారు. విదేశీ ప్రమాణాలు అందుకున్న బండ్లను కంపెనీ ఏడాదికి 2,500 దాకా ఇక్కడ మళ్లీ పరీక్ష లేకుండా దిగుమతి చేసుకోవచ్చని 2018లో వెసులుబాటిచ్చారు. యాభై ఏళ్లు దాటిన వింటేజ్ బండ్లకు 2021లో ‘వీఏ’ సిరీస్ తెచ్చారు. ఫీజు 20 వేలు, రోజువారీ తిరుగుడుకు వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లొచ్చు. డబ్బున్నవాళ్ల ముచ్చటకు దొరికిన దారి కమ్మరి ముచ్చటకు ఎందుకు దొరకదు?

దొరక్కపోవడం వల్ల చేతిపని గేటు దాటదు. హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు ఆకారం కార్లు, వంకాయ ఆకారం కార్లు చూసి పిల్లలు కేరింతలు కొడతారు. ఇంజనీరింగ్ విద్యార్థులు బాజా పోటీకి రోల్ కేజ్ కట్టి బగ్గీ చేస్తారు, పోటీ అయ్యాక అది కాలేజీ వర్క్‌షాపులో మూలన పడుతుంది.

ఇంట్లో కట్టిన బండంటే ఉండే భయం అబద్ధం కాదు. తయారీదారు స్పెసిఫికేషన్లను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది న్యాయమైన మాటే. మన హైవేల మీద అతుకుల బండి ఊడిపోతే చచ్చేది పక్కబండిలోని వాళ్లు. కాబట్టి తలుపు బార్లా తెరవమని కాదు. కిరాయికి తిప్పకూడదు, వేగానికి హద్దు ఉండాలి, ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, వింటేజ్ బండ్లలా వేరే సిరీస్ ఉండాలి. రోలర్ల మీద బ్రేకులు చూసే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు ఎలాగూ వస్తున్నాయి.

అసలు ముడి ఇన్సూరెన్సు దగ్గర పడుతుంది. థర్డ్ పార్టీ పాలసీ లేనిదే బండి కదలకూడదు, పాలసీకి ఛాసిస్ నంబరు కావాలి, ఇంట్లో కట్టిన ఫ్రేముకు అది ఉండదు. తుప్పుపట్టి చెరిగిన నంబర్లను అనుమతితో మళ్లీ పంచ్ చేయించే పద్ధతి మన రవాణా శాఖలకు కొత్తేమీ కాదు. పరీక్ష పాసైన ఫ్రేముకు శాఖే ఒక నంబరు కేటాయించి, ఇన్‌స్పెక్టర్ ఎదుటే పంచ్ చేయించి, పెన్సిల్‌తో రుద్దిన ప్రింటు ఫైల్లో పెట్టుకుంటే పాలసీ రాయడానికి కంపెనీకి ఆధారం దొరుకుతుంది. రాష్ట్రాలు ఈ ప్రతిపాదనతో కేంద్రానికి రాయాలి, 126వ నియమాన్ని మార్చగలిగేది కేంద్రమే.