‘సీడెడ్’ లెక్కలో మన పేరేది?

శుక్రవారం సినిమా విడుదలవుతుంది. శనివారం పొద్దునకంతా లెక్క బయటికొస్తుంది. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత, గుంటూరు ఇంత. సోమవారానికి ‘సీడెడ్‌లో ఊచకోత’, ‘సీడెడ్‌లో రికార్డులు బద్దలు’ అని పెద్దక్షరాలు పడతాయి. నంద్యాల బస్టాండులో, ఆళ్ళగడ్డ టీ అంగట్లో మన పిల్లోళ్ళు ఈ లెక్కలు నోటికి చెప్తారు. మా హీరో షేరు ఎక్కువ, మీ హీరో షేరు తక్కువ అని చొక్కాలు పట్టుకుంటారు. చేసిన పనికి ఎన్ని దినాల కూలి రావాల్నో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

మేం సినిమాకు పగవాళ్ళం కాదు. దినమంతా ఎండలో నడుం వంచిన మనిషి రెండున్నర గంటలు నవ్వుకుంటే, ఏడ్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. మేం అడిగేది వేరే. ఆ లెక్కలో ‘సీడెడ్’ అనే గడి ఒకటి ఉంది గదా, దాంట్లో పడే దుడ్డు ఎవరిది? తెరమీద పేరు ఎవరిది? చచ్చేది ఎవరు?

రాసిచ్చిన సీమ

‘సీడెడ్’ అంటే ఏందో చాలామందికి తెలీదు. అదేదో ఊరి పేరు అనుకుంటారు. 1800లో నిజాం తాను పెట్టుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద ఈ జిల్లాలను కంపెనీకి రాసిచ్చాడు. రాసిచ్చినవి గనక ఇంగ్లీషులో సీడెడ్ జిల్లాలు, తెలుగులో దత్త మండలాలు. భూమితో పాటు మనుషుల్ని కూడా రాసిచ్చారు. మాలపల్లెను, మాదిగపల్లెను ఎవరూ అడగలేదు.

ఆ పేరు అవమానమని 1928 నవంబరులో ఈ నంద్యాలలోనే జరిగిన ఆంధ్ర మహాసభలో పెద్దలు తేల్చారు. మమ్మల్ని రాయలసీమ అని పిలవండి అన్నారు. ఆ కొత్త పేరులోనూ రాయలే ఉన్నాడు, రాళ్ళు మోసినోడు లేడు. ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఏదైతేనేం, సర్కారు కాగితాల్లోంచి పాత పేరు పోయింది. సినిమా వ్యాపారంలోంచి మాత్రం పోలేదు. దాదాపు నూరేళ్ళ కిందట నంద్యాల వద్దన్న పేరుతోనే నిర్మాత ఇప్పటికీ ‘సీడెడ్ హక్కులు’ అమ్ముకుంటున్నాడు. నిజాం ఒక్కసారి రాసిచ్చాడు. వీళ్ళు సినిమాకొకసారి రాసిస్తున్నారు.

ఏడు రూపాయలు, రెండు వందలు

ఈ వ్యాపారం ఎట్ల నడుస్తుందో ప్రతి పల్లెలో తెలియాలి. పెద్ద హీరో సినిమా విడుదలకు ముందే ఏరియాల లెక్కన అమ్ముడుపోతుంది. సీడెడ్‌ను ఒక బయ్యరు ఇన్ని కోట్లని కొంటాడు. టికెట్ల మీద వచ్చిన మొత్తాన్ని గ్రాసు అంటారు. దాంట్లో పన్ను, థియేటరు అద్దె పోగా మిగిలింది షేరు. షేరు కొన్న రేటును దాటితే ‘బ్రేక్ ఈవెన్’. దాటకుంటే బయ్యరు మునుగుతాడు. కొన్న రేటు పెరిగేకొద్దీ మొదటి మూడు నాలుగు దినాల్లోనే పిండుకోవాలి. ఎవర్ని పిండాలి? తీరిగ్గా రెండో వారం వచ్చేవాణ్ణి పిండలేరు. మొదటి ఆట చూడకుంటే ప్రాణం పోతుందనుకునే మన పిల్లోణ్ణే పిండాలి. వాని పిచ్చి ప్రేమను తాకట్టు పెట్టే కోట్ల రేట్లు కట్టుకుంటున్నారు.

సర్కారు ఏం చేసింది? 2021 ఏప్రిల్‌లో జీవో 35 తెచ్చి పంచాయతీ ఊళ్ళలో ఏసీ లేని హాల్లో కింది తరగతి టికెట్టు 5 రూపాయలు అంది. సినిమా పెద్దలు గగ్గోలు పెట్టారు. 2022 మార్చిలో జీవో 13 వచ్చింది, ఆ 5 కాస్తా 20 అయింది. హాలు నడవాలంటే 5 రూపాయలు చాలవని మేమూ ఒప్పుకుంటాం. కానీ ఆ జీవో పక్కనే పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతులు మొదలైనాయి. పుష్ప-2కు 2024 డిసెంబరు 4 రాత్రి ముందస్తు ఆట 800 రూపాయలు. ఓజీకి 2025 సెప్టెంబరులో బెనిఫిట్ షో 1000 రూపాయలు.

ఇప్పుడు కూలి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ దినకూలి 2024-25లో 300, 2025-26లో 307. కూలి పెరిగింది ఏడు రూపాయలు. ఆట పెరిగింది రెండు వందలు. 800 అంటే రెండున్నర దినాల పైచిలుకు మన్ను తవ్వాలి. 1000 అంటే మూడు దినాలు దాటి తవ్వాలి. ఒకప్పుడు వరద వచ్చినప్పుడో, బడి కట్టేటప్పుడో చందా కోసం వేసే ఆటను బెనిఫిట్ షో అనేవాళ్ళు. ఈ కాలపు బెనిఫిట్ ఎవరికి? కూలోడి జేబులోంచి కోటీశ్వరుని ఇంటికి పోయే చందాకు ఆ పేరెట్ల పెడతారు?

కత్తి వాళ్ళది, శవం మనది

దుడ్డు పోతే పోయింది. మానం ఎందుకు తీస్తారు?

1998లో పాములపాడు మండలం వేంపెంటలో మనవాళ్ళను ఊచకోత కోశారు. ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. మరుసటి సంక్రాంతికి, 1999 జనవరిలో సమరసింహారెడ్డి వచ్చింది. సీమ కక్షల కథ కాసులు రాల్చింది. ఆపైన వరస కట్టినాయి. ఇంద్ర, ఆది, చెన్నకేశవరెడ్డి 2002లోనే మూడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళయినా మోజు తీరలేదు, 2023 సంక్రాంతికి వీరసింహారెడ్డి. సుమోలు గాల్లోకి లేస్తాయి, బాంబులు పేలతాయి, తొడలు కొడతారు. వేంపెంటలో కూలిన మనిషి పేరు ఈ లెక్కల్లో యాడన్నా ఉందా? సీమ అంటే రెండు పెద్దిండ్ల పగ అని ఊరూరికీ చాటినోళ్ళకు, ఆ పెద్దిండ్ల పశువుల పాకల్లో బతికినోళ్ళు కండ్లబడలేదు.

ఫ్యాక్షన్ సీమ రక్తంలో లేదు. కంపెనీ వచ్చినాక మన్రో దొర పాలెగాళ్ళను అణిచేశాడు. కానీ ఊరి మీద పెత్తనం మోజు పోలేదు. తర్వాతి కాలంలో ఆ పెత్తనానికి సారాయి పాటలు, రోడ్ల కాంట్రాక్టులు, సర్పంచి కుర్చీలు, అసెంబ్లీ టికెట్లు తోడైనాయి. వీటిని దక్కించుకోను పెద్దోళ్ళు మందిని పెంచుకున్నారు. ఆ మంది ఎవరు? అప్పు తీర్చలేక జీతం కుదిరినోడు, రెండెకరాలు కౌలు కోసం వెంట తిరిగినోడు, కేసులో ఇరుక్కుని విడిపించే దిక్కులేక గుమ్మం పట్టుకున్నోడు. మాల, మాదిగ, బోయ, చాకలి, వడ్డె. నాయకుడు జీపు నడిమధ్యన కూర్చుంటాడు. బాంబు పడేది అంచున నిలబడ్డోని మీద.

సినిమాలో ఆ అంచున నిలబడ్డోనికి పేరుండదు. వాడు కత్తి తీసుకుని ఉరికొస్తాడు, హీరో నరుకుతాడు, హాల్లో ఈలలు పడతాయి. ఈల వేసేదీ వాని తమ్ముడే! 2018లో వచ్చిన అరవింద సమేత కక్ష వద్దని చెప్పింది, మంచిదే. అయితే ఆ సినిమాలోనూ రాజీ పెద్దిండ్ల నడుమనే. పెద్దోళ్ళు రాజీపడి వియ్యమందుకుంటే, వెంట తిరిగి చచ్చినోని పెండ్లాం ఎవరితో రాజీపడాలి?

మన పక్క ఊరు ఉయ్యాలవాడ కథే చూడండి. నరసింహారెడ్డిని కంపెనీ 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరితీసింది. ఆ సాహసాన్ని మేం తక్కువ చేయం. కానీ ఆ తిరుగుబాటు ఒక్క మనిషి మీసంతో నడవలేదు. మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి బంట్రోతులు, ఊరూరి బీదసాదలు వెంట నడిస్తేనే నడిచింది. 2019లో కోట్లు పోసి తీసిన సైరాలో బోర్డు మీదికి ఎక్కింది ఒక్క పేరే.

పేరు సంగతి వచ్చింది గనక ఇంకో మాట. సమరసింహారెడ్డి, నరసింహనాయుడు, చెన్నకేశవరెడ్డి, వీరసింహారెడ్డి. కులం తోక పెట్టుకుంటే అది పౌరుషమట. 1994లో ఈదుముడిలో దండోరా మోగించి మనవాళ్ళు పేరు చివర ‘మాదిగ’ అని రాసుకున్నప్పుడు అది కులపిచ్చి అన్నారు. వాళ్ళ తోక బాక్సాఫీసు, మన తోక కులపిచ్చి. ఇదేం న్యాయం?

హాల్లో కాలు తగిలితే

సినిమా హాలు చీకట్లో అందరూ ఒకటేనని కొందరు పెద్దమనుషులు మాకు చెప్తుంటారు. వాళ్ళకు చుండూరు గుర్తుచేస్తాం. 1991 జూలై 4న గుంటూరు జిల్లా చుండూరు సినిమా హాల్లో డిగ్రీ చదివిన ఒక దళిత యువకుని కాలు ముందు సీటులో కూర్చున్న రెడ్డి యువకునికి తగిలింది. అంతే. గొడవైంది. దళితులను పనుల నుంచి వెలేశారు. ఆగస్టు 6న వెంటాడి ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ దినం టికెట్టు మన పిల్లోడు కూడా దుడ్డు పెట్టే కొన్నాడు. టికెట్టు సీటునిచ్చింది గానీ కాలు చాపుకునే హక్కునివ్వలేదు.

జెండా మోసేది మనం

2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ కరెంటు తగిలి ముగ్గురు చచ్చిపోయారు. 2023 జూలైలో నరసరావుపేట దగ్గర ఇంకో హీరో ఫ్లెక్సీకి ఇద్దరు. పుష్ప-2 ముందస్తు ఆట రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు తొక్కిసలాటలో ఒక తల్లి. 2025 జనవరిలో రాజమండ్రి సినిమా సభ నుంచి తిరిగొస్తూ ఇద్దరు. వాళ్ళ కులమేదని మేం అడగం. హీరో ఇంటి పిల్లలు ఫ్లెక్సీ కట్టను స్తంభం ఎక్కరనేది మాత్రం అడక్కుండానే తెలుసు.

అయితే మన జనం వట్టి వెర్రోళ్ళు కాదు. దానికి నంద్యాలే సాక్ష్యం. 2024 మే 11న, పోలింగు ఇంక రెండు దినాలుందనగా, అల్లు అర్జున్ నంద్యాలకొచ్చి వైఎస్సార్సీపీ అభ్యర్థి ఇంటి మేడ మీద చెయ్యి ఊపాడు. వీధులు పట్టనంత జనం. ఎన్నికల నిబంధన మీరారని పోలీసులు కేసు పెట్టారు, ఆ నవంబరులో హైకోర్టు కొట్టేసింది. ఫలితాలొస్తే ఆ అభ్యర్థి ఓడిపోయాడు. చూసేదానికి పోయిన జనం ఓటు మాత్రం తమ లెక్క ప్రకారమే వేసుకున్నారు. ఓటు కాడ ఉన్న ఆ తెలివి టికెట్టు కాడ ఎందుకు పోవాలి?

సాకు చెల్లదు

మీ కథలు తీస్తే దుడ్డు రాదు అంటారు. అబద్ధం. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీస్తే జనం విరగబడి చూశారు. 2016లో మరాఠీ దళిత దర్శకుడు నాగరాజ్ మంజులే కులాంతర ప్రేమ మీద సైరాట్ తీస్తే మరాఠీ బాక్సాఫీసు చరిత్రే తిరగబడింది. 2021లో మారి సెల్వరాజ్ తమిళంలో బస్సు ఆగని దళిత పల్లె కథతో కర్ణన్ తీశాడు, పెద్ద హీరో ధనుష్ చేశాడు, హాళ్ళు నిండినాయి. తెలుగులో 2020లో పలాస 1978 వచ్చింది. కథలకు కరువు లేదు. కథను నమ్మి కోట్లు పెట్టేవాళ్ళు, హాళ్ళు చేతిలో ఉన్నవాళ్ళు కొద్ది కులాల వాళ్ళే కావడం అసలు కరువు.

మనం చేయాల్సింది

అన్నలారా, తమ్ముళ్ళారా! సినిమా మానమని మేం చెప్పం. చెప్పినా మీరు మానరు. మేం చెప్పేది నాలుగు మాటలు.

ఒకటి. పెంచిన రేటుకు ఒక్క టికెట్టు కూడా కొనొద్దు. పది దినాలు ఆగండి, రేటు దానంతటదే దిగొస్తుంది. మనం ఆగితే కోట్ల బేరాలు కూడా దిగొస్తాయి.

రెండు. పెంచిన రేట్ల జీవో వచ్చిన ప్రతిసారీ కలెక్టరాఫీసు ముందు నిలబడి అడుగుదాం: టికెట్టు పెంచేదానికి ఒక్క రాత్రి చాలితే, కూలి పెంచేదానికి ఏండ్లెందుకు?

మూడు. హీరోల పేర్లతో మాలపల్లె, మాదిగపల్లె కొట్లాడుకోవడం బందు కావాలి. కేసయితే పోలీసు స్టేషనులో కూర్చునేది మన తల్లే, ఏ హీరో తల్లీ రాదు.

నాలుగు. అభిమాన సంఘం నడిపిన చేతులకు సంఘం నడపడం వచ్చు. చందా ఎత్తడం, జనాన్ని పోగెయ్యడం, రాత్రంతా మేలుకుని పని చెయ్యడం మీకు వచ్చు. ఆ పనితనాన్ని అంబేద్కర్ సంఘానికి, రాత్రి బడికి, కూలి పోరాటానికి పెట్టండి. వేంపెంట కథను నాటకం కట్టి ఊరూరా ఆడండి. తెర మనకు చోటివ్వకుంటే పల్లె నడిమధ్య అరుగు ఉంది గదా!

1928లో ‘సీడెడ్’ అన్న పేరు వద్దని ఈ నంద్యాల గడ్డే చెప్పింది. ఆ మాట మళ్ళీ చెప్పాల్సిన వంతు ఇప్పుడు పల్లెలది. మేం ఎవరూ ఎవరికీ రాసిచ్చిన వాళ్ళం కాదు. మా కష్టం మీ షేరు కాదు, మా చావు మీ సీను కాదు!

జై భీం!