ఆరేళ్ల పన్నుకు ముందే కాపలా

గోదావరిఖని కాలనీ క్వార్టర్లలో ఆరేడేళ్ల పిల్లాడు పన్ను నొప్పని ఏడిస్తే పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే... 'పాలపన్నే గదా, ఊడిపోతది తియ్.' చాలాసార్లు అది నిజమే. దవడలో పాలపళ్లన్నిటికీ వెనకాల ఉన్న పన్ను విషయంలో మాత్రం కాదు. ఆరో ఏట ఏ పన్నూ ఊడకుండానే చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుందది. కొత్త పన్ను వచ్చిందన్న సంగతే చాలా ఇళ్లలో తెలియదు. కానీ అది శాశ్వత దంతం. పోతే మళ్లీ రాదు.

పిల్లల నోరు తెరిపించి టార్చి వేసి చూడండి. ఆ పన్ను పైభాగం నున్నగా ఉండదు, గుంటలూ గాడులూ కనిపిస్తాయి. కొన్ని గాడులు ఎంత సన్నమంటే బ్రష్ కుచ్చు కూడా లోపలికి దూరదు. బిస్కెట్ ముక్క, చాక్లెట్ జిగురు మాత్రం హాయిగా దూరతాయి. పైగా పన్ను పూర్తిగా బయటికి వచ్చేదాకా పక్క పళ్లకన్నా కిందికే ఉంటుంది కాబట్టి బ్రష్ దాని మీదికి సరిగా వెళ్లదు. ఫ్లోరైడ్ పేస్టు నున్నటి భాగాలను కాపాడినంత బాగా ఈ గాడుల్ని కాపాడలేదు. పుచ్చులు ప్రతి పదింటిలో తొమ్మిది వెనక పళ్లలోనే వస్తాయని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

అందుకే సీలెంట్. భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీని గోదావరి ఇసుకతో నింపే స్టోయింగ్ ఇక్కడివాళ్లకు తెలిసిందే. పంటి ఫిల్లింగ్ కూడా అలాంటిదే, తొలిచాక నింపడం. సీలెంట్ వేసేది తొలచకముందు. పన్నును శుభ్రం చేసి, ఆమ్లపు జెల్ కొన్ని సెకన్లు రాసి, కడిగి, ఆరబెడతారు. ఎనామిల్ సుద్దలా తెల్లబడ్డాక పల్చటి రెసిన్‌ను గాడుల్లోకి పారించి, నీలి కాంతితో గట్టిపరుస్తారు. ఇంజెక్షనూ లేదు, డ్రిల్లూ లేదు. ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకు చేస్తే రెసిన్ పట్టుకుంటుందని మైకెల్ బ్యూనోకోర్ అనే దంత పరిశోధకుడు 1955లోనే చూపించాడు. అదే దీనికి పునాది.

మరి ఎంతవరకు కాపాడుతుంది? సీడీసీ లెక్కలో మొదటి రెండేళ్లు దవడ పళ్ల పుచ్చుల్లో 80 శాతాన్ని, నాలుగేళ్లదాకా సగాన్ని ఆపుతుంది. సీలెంట్ లేని ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు, ఉన్నవారితో పోలిస్తే మొదటి దవడ పళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ పుచ్చులు వస్తున్నాయని కూడా అదే సంస్థ 2016లో తేల్చింది. గాడిలో పుచ్చు అప్పుడే మొదలై ఇంకా గుంట పడకపోయినా సీలెంట్ వేయవచ్చు. లోపల చిక్కిన క్రిములకు తిండి అందదు, పుచ్చు ముదరదు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు ఉమ్మి. ఆరబెట్టిన పన్నుకు చుక్క తగిలినా పట్టు జారిపోతుంది. నోరు తెరిచి కుదురుగా కూర్చోలేని పిల్లలతో డాక్టర్లకు తంటా ఇక్కడే. పన్ను సగమే వచ్చి, ఆరబెట్టడం కుదరకపోతే తాత్కాలికంగా గ్లాస్ అయొనోమర్ పూత వేస్తారు. సీలెంట్ ఊడిన చోట రక్షణ కూడా ఉండదు. అందుకే ప్రతి చెకప్‌లో చూపించి, పోతే మళ్లీ వేయించాలి.

సీలెంట్ ఉంది కదా అని పడుకోబోయే ముందు చాక్లెట్లిస్తే లాభం లేదు. పంటికీ పంటికీ మధ్య వచ్చే పుచ్చును అది ఆపదు, చిగుళ్లకూ పనికిరాదు. రాత్రి బ్రషింగ్ తప్పదు. నాన్న సెకండ్ షిఫ్టు నుంచి వచ్చేసరికి పిల్లలు నిద్రపోయే ఇళ్లలో ఆ పని అమ్మ మీదో నాయనమ్మ మీదో పడుతుంది. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలు తమంతట తాము వెనక పళ్లదాకా సరిగా తోముకోలేరు.

సింగరేణి కుటుంబాలు జ్వరానికో దగ్గుకో ఏరియా ఆసుపత్రికి వెళ్లినప్పుడు పిల్లల దవడ పళ్ల సంగతీ ఒకసారి అడగవచ్చు. బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు చూసే సమస్యల్లో పళ్ల జబ్బులూ ఉన్నాయి. అయితే వాళ్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఆరేళ్ల పన్ను పూర్తిగా బయటపడగానే చూపించండి. పన్నెండో ఏట దాని వెనకే ఇంకోటి వస్తుంది, దాని గాడులూ ఇలాంటివే.